భూగర్భ గనిలో అత్యవసర సమాచార వ్యవస్థ: ప్లాన్ నుంచి మాక్ డ్రిల్ దాకా వరుసగా ఏం చేయాలి

"ఏ రేడియో, ఫోన్ సెట్ కొంటే మంచిది?" అని చాలామంది అడుగుతున్నారు. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ప్రమాదం జరిగాక గనిలో ఏం మిగులుతుందో ముందు తేల్చుకోవాలి. కరెంటు ఉండదు. పొగ కమ్మేసి చాపిన చెయ్యి కూడా కనపడదు. మనిషి నోట్లో సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువుల నుంచి కాసేపు కాపాడే శ్వాస పరికరం) గొట్టం ఉంటుంది. రూఫ్ కూలిన చోట కేబుల్ తెగి ఉంటుంది. మామూలు షిఫ్టులో బాగా పలికే ఫోను ఆ స్థితిలో పలుకుతుందా? వ్యవస్థ మొత్తాన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే కట్టుకు రావాలి.

ఇది సేఫ్టీ ఆఫీసర్లు, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, ఓవర్‌మన్లు, సర్దార్ల (లోపల పనిని అజమాయిషీ చేసేవాళ్ల) కోసం రాసింది. మీ గనికి వర్తించే చట్టం, అనుమతి పత్రాలు ఏం చెబితే అదే ముందు. ఇక్కడున్నది దానికి తోడు మాత్రమే.

## 1. గని ప్లాన్ మీద ప్రమాదాన్ని గీయండి

తాజా గని ప్లాన్ ఒకటి టేబుల్ మీద పరవండి. పాతది వద్దు, ఫేస్ (తవ్వకం జరిగే చోటు) ఈ నెలలో ఎక్కడిదాకా వెళ్లిందో అందులో ఉండాలి. దాని మీద మూడు ప్రమాదాలను ఒక్కోటి వేరే రంగులో గీయండి.

- ఇన్‌టేక్ గ్యాలరీలో (తాజా గాలి లోపలికి వచ్చే సొరంగ మార్గంలో) కన్వేయర్ బెల్ట్‌కు నిప్పంటుకుంది.
- ఒక డిస్ట్రిక్ట్ (గనిలో ఒక విభాగం) ముఖద్వారం దగ్గర రూఫ్ కూలి దారి మూసుకుపోయింది.
- పేలుడు జరిగింది, లేదా నీళ్లు విరుచుకుపడ్డాయి.

ప్రతి రంగుకూ ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

- కరెంటు ఎక్కడెక్కడ పోతుంది? గ్యాస్ పెరిగితే ఎక్కడ కట్ చేస్తారు?
- ఫోన్ లైను, రేడియో కేబుల్, ఫైబర్ ఆ చోటు గుండా వెళ్తున్నాయా?
- లోపలివాళ్లు ఎటు నడుస్తారు? దారిలో ఎక్కడ ఆగగలరు?
- వాళ్ల చేతిలో, నడుముకు, టోపీకి ఏ పరికరం ఉంటుంది?

చాలా గనుల్లో ఈ దశలోనే అసలు లోపం బయటపడుతుంది. ఫోన్ కేబుల్, ఫైబర్, రేడియో కేబుల్ మూడూ ఒకే గ్యాలరీలో, ఒకే వరుస హుక్కులకు వేలాడుతుంటాయి. పరికరాలు మూడు రకాలైనా దారి ఒక్కటే. అక్కడ రూఫ్ కూలితే మూడూ ఒకేసారి పోతాయి.

కాబట్టి మొదటి నియమం ఇది: లోపలికి కనీసం రెండు సమాచార దారులు ఉండాలి. అవి వేర్వేరు గ్యాలరీల్లో వెళ్లాలి. ఒక్క ప్రమాదం రెండింటినీ దెబ్బ తీయకూడదు. ప్లాన్ మీద గీసిన ఏ రంగూ రెండు దారులనూ తాకకపోతేనే తర్వాతి అడుగు వేయండి.

## 2. ఏ పరికరం ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోండి

బొగ్గు, రాయి రేడియో తరంగాలను మింగేస్తాయి. పైన కొన్ని కిలోమీటర్లు అందే వాకీటాకీ, లోపల ఒకటి రెండు మలుపులు దాటగానే మూగబోతుంది. ఈ అడ్డంకిని ఒక్కో పద్ధతి ఒక్కో రకంగా దాటుతుంది.

వైరు ఫోన్లు. బ్యాటరీతో నడిచే పేజింగ్ ఫోన్లు, గొంతు శబ్దం నుంచే కరెంటు పుట్టించుకునే సౌండ్ పవర్డ్ ఫోన్లు ఈ కోవలోవి. పాతవని తీసిపారేయకండి. రెండో రకానికి బ్యాటరీయే అక్కర్లేదు. ఆశ్రయ గదిలో (బయటపడలేనివాళ్లు తలదాచుకునే గదిలో) ఒకటి ఉంటే ఎన్ని రోజులు గడిచినా పనిచేస్తుంది, వైరు తెగకుండా ఉంటే చాలు.

లీకీ ఫీడర్. పై కవచంలో కావాలనే సందులు వదిలిన కోయాక్సియల్ కేబుల్ ఇది. సిగ్నల్ పొడవునా బయటికి కారుతూ ఉంటుంది, కేబుల్‌కు దగ్గర్లో ఉన్న రేడియో దాన్ని అందుకుంటుంది. మాట స్పష్టంగా వస్తుంది. కానీ కేబుల్ తెగితే, తెగిన చోటి నుంచి లోపలి భాగమంతా మూగబోతుంది.

మెష్ నోడ్లు. గ్యాలరీల వెంట బిగించే చిన్న రేడియో పెట్టెలు. ఒక్కోటి పక్కదానికి మాట అందిస్తుంది. ఒకటి పోతే మిగతావి ఇంకో దారి వెతుక్కుంటాయి. అయితే ఆ ఇంకో దారి ఉండాలి కదా. నోడ్లన్నీ ఒకే వరుసలో ఉంటే మధ్యలో ఒకటి పోయినా లోపలి గుంపు విడి ద్వీపమైపోతుంది. అప్పుడు లోపలివాళ్లు తమలో తాము మాట్లాడుకోగలరు, పైకి మాత్రం మాట అందదు.

మీడియం ఫ్రీక్వెన్సీ రేడియో. కొన్ని వందల కిలోహెర్ట్జ్‌లలో పనిచేస్తుంది. గనిలో ఇప్పటికే ఉన్న నీటి పైపులు, పట్టాలు, కరెంటు కేబుళ్ల లోహాన్ని ఆసరా చేసుకుని సిగ్నల్ దూరం పోతుంది. దానికోసం ప్రత్యేకంగా కేబుల్ వేయనక్కర్లేదు. రెండో దారిగా దీన్ని గట్టిగా పరిశీలించండి.

భూమిలోంచి నేరుగా వెళ్లే రేడియో. కొన్ని వందల నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా ఉండే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ, రాయిని చీల్చుకుని పోగలదు. పైన నేల మీద పెద్ద వైరు చుట్ట పరిచి లోపలికి సందేశం పంపుతారు. వేగం చాలా తక్కువ, అందుకే పొట్టి టెక్స్ట్ సందేశాలకే బాగా సరిపోతుంది. కొన్ని వ్యవస్థల్లో పై నుంచి లోపలికే సందేశం వెళ్తుంది, జవాబు రాదు. ఇంకో సంగతి: గనిలో మోటార్లు తిరిగేటప్పుడు వాటి విద్యుత్ రొద దీన్ని మింగేస్తుంది. కరెంటు కట్ చేశాక అదే వ్యవస్థ మెరుగ్గా వినిపిస్తుంది. పరీక్ష రెండు స్థితుల్లోనూ చేయండి.

వాసన హెచ్చరిక. గాలిలో ఇథైల్ మెర్‌కాప్టాన్ వదిలితే కుళ్లు వాసన కొడుతుంది, అది రాగానే అందరూ బయల్దేరాలి. లోహపు గనుల్లో ఎక్కువ వాడతారు. దీని వేగాన్ని మాత్రం లెక్క కట్టి చూడండి. గాలి సెకనుకు 1 మీటరు వేగంతో కదిలే చోట 2,000 మీటర్ల దూరానికి వాసన చేరడానికి 33 నిమిషాలు పడుతుంది. కంప్రెస్డ్ ఎయిర్ పైపులో కూడా వదిలితే, ఆ గాలి వాడుతున్న చోట్లకు త్వరగా చేరవచ్చు. ఇదొక్కటే హెచ్చరికగా ఉండకూడదు.

నా అభిప్రాయం: రోజూ వాడే మొదటి దారికి లీకీ ఫీడర్ గానీ మెష్ గానీ పెట్టుకోండి. రెండో దారికి దానితో ఏ సంబంధమూ లేని పద్ధతి తీసుకోండి. రెండు లీకీ ఫీడర్లు పెట్టుకుంటే ఒకే జబ్బు రెండింటికీ వస్తుంది.

## 3. గ్యాస్ ఉండే గనిలో పరికరం అర్హత చూడండి

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. గ్యాస్ పెరిగితే కరెంటు కట్ చేస్తారు. ఆ తర్వాత కూడా ఆన్‌లో ఉండాల్సింది సమాచార పరికరమే. కాబట్టి అది లోపం వచ్చినా నిప్పురవ్వ పుట్టించలేనంత తక్కువ శక్తితో నడిచే రకమై ఉండాలి. దీన్నే ఇంట్రిన్సిక్లీ సేఫ్ అంటారు.

కొనేటప్పుడు అడగాల్సినవి:

- సర్టిఫికెట్ రేడియోకా, లేక రేడియో, బ్యాటరీ, మైకు, ఛార్జరు అన్నీ కలిపిన సెట్టుకా?
- సిగ్నల్‌ను బలపరిచే రిపీటరు, ఆంప్లిఫయరు, ఇంకా బ్యాటరీ పెట్టెలకు విడిగా సర్టిఫికెట్ ఉందా?
- కేబుల్ ఎంత పొడవు దాటితే సర్టిఫికెట్ చెల్లదు?

మూడో ప్రశ్న చాలామంది అడగరు. కేబుల్ పొడుగయ్యేకొద్దీ అందులో నిల్వ ఉండే విద్యుత్ శక్తి పెరుగుతుంది. ఫేస్ ముందుకు వెళ్తోంది కదా అని కేబుల్ జోడిస్తూ పోతే ఒక రోజు హద్దు దాటేస్తారు.

రిపేరు విషయంలో కచ్చితంగా ఉండండి. బయట దొరికే బ్యాటరీ సెల్లు వేసినా, స్క్రూ పోయిందని పెట్టె మూతకు టేపు చుట్టినా ఆ పరికరం ఇక లోపలికి పోకూడదు. ఛార్జింగ్ పైన చేయాలి, లేదా లోపల అనుమతి ఉన్న స్టేషన్‌లోనే చేయాలి.

## 4. లీకీ ఫీడర్ కేబుల్‌ను సరైన వరుసలో వేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా.

అడుగు 1. గ్యాలరీ నడిచి చూసి, కేబుల్ ఏ వైపు వెళ్లాలో సుద్దతో గుర్తు పెట్టండి. వాహనాలు రాసుకుపోయే వైపు వద్దు. రూఫ్ బలహీనంగా ఉన్న చోటు ఉంటే ఆ గ్యాలరీనే మార్చండి.

అడుగు 2. హుక్కులు ముందు బిగించండి. కేబుల్ రాయికి, ఇనుప మెష్‌కు, స్టీల్ ఆర్చ్‌కు అతుక్కోకుండా కొంచెం ఎడంగా వేలాడాలి. లోహానికి ఆనించి కట్టేస్తే సందుల్లోంచి బయటికి రావాల్సిన సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. కరెంటు కేబుళ్లకు దూరంగా, వీలైతే ఎదుటి గోడ వైపు వేయండి.

అడుగు 3. కేబుల్ పరిచాక ఆంప్లిఫయర్లు పెట్టండి. సాధారణంగా 350 నుంచి 500 మీటర్లకొకటి వస్తుంది, తయారీదారు చెప్పిన దూరమే ప్రమాణం. ఒకటి మిగిల్చుదామని దూరం సాగదీస్తే సిగ్నల్ ఒక్కో దశలో కొంచెం కొంచెంగా పడిపోతూ చివరికి ఫేస్ దగ్గర గరగరలే మిగులుతాయి.

అడుగు 4. జాయింట్లు. కేబుల్ చివర చెక్కేటప్పుడు లోపలి తీగకు గాటు పడకూడదు. కనెక్టర్ బిగించాక నీరు చొరకుండా సీల్ చేసి, జాయింటుకు రెండు వైపులా కేబుల్‌ను కాస్త కిందికి వేలాడనివ్వండి. నీటి చుక్క ఆ వంపులోంచి జారిపోతుంది, కనెక్టర్‌లోకి ఎక్కదు. గనిలో నెలల తర్వాత వచ్చే సగం ఫిర్యాదులు తడిసిన జాయింటు దగ్గరే తేలతాయని నా నమ్మకం.

అడుగు 5. ప్రతి కొసకూ టర్మినేటర్ పెట్టండి. ఇది లేకపోతే సిగ్నల్ కొసకు తగిలి వెనక్కి తిరిగొచ్చి, అక్కడక్కడా మాట పడిపోయే చోట్లు పుడతాయి. రెండు అడుగులు వేస్తే వినిపిస్తుంది, ఇంకో అడుగు వేస్తే పోతుంది. ఇలా ఉంటే ముందు కొస చూడండి.

అడుగు 6. వీలున్న చోటల్లా కేబుల్‌ను చుట్టు తిప్పి ఇంకో గ్యాలరీ గుండా వెనక్కి తెచ్చి, రెండు వైపుల నుంచీ సిగ్నల్, కరెంటు అందేలా చేయండి. మధ్యలో తెగినా రెండు ముక్కలూ బతుకుతాయి. ఈ సౌకర్యం వ్యవస్థలో ఉందో లేదో కొనేముందే అడగాలి. తర్వాత జోడించడం కష్టం.

అడుగు 7. రేడియో పట్టుకుని మొత్తం దారి నడవండి. ప్రతి క్రాస్ కట్ (రెండు గ్యాలరీలను కలిపే అడ్డదారి) దగ్గర ఆగి మాట్లాడండి. కేబుల్ ఉన్న గ్యాలరీలోనే కాదు, పక్క గ్యాలరీలోకి కూడా వెళ్లి ఎంతదూరం అందుతుందో ప్లాన్ మీద గుర్తు పెట్టండి. మాట అందని చోట్లు ఎర్రగా కనపడాలి. ఆ ప్లాన్ కాపీ కంట్రోల్ రూమ్ గోడ మీద ఉండాలి, బీరువాలో కాదు.

ఫేస్ కదిలిన ప్రతిసారీ కేబుల్ కదలాలి. "ఈ వారం అయ్యాక చూద్దాం" అన్న ఆ వారమే ఎక్కువమంది పనిచేసే చోట మాట అందదు. ఫేస్ సాగించే పని ఆర్డర్‌లోనే కేబుల్ పొడిగింపు ఒక అంశంగా రాయించండి.

## 5. బ్యాటరీ లెక్క కట్టండి

అమెరికాలో 2006లో వచ్చిన చట్టం భూగర్భ బొగ్గు గనులకు వైర్‌లెస్‌గా రెండు వైపులా మాట, మనుషుల ఆచూకీ తెలిపే వ్యవస్థ తప్పనిసరి చేసింది. దాన్ని అమలు చేసే ఎంషా సంస్థ మార్గదర్శకం ప్రకారం, బిగించిన పరికరాలకు కరెంటు పోయాక 24 గంటలు నడిచే బ్యాటరీ ఉండాలి. లెక్కకు సమయంలో 5 శాతం పంపడం, 5 శాతం వినడం, 90 శాతం ఊరికే ఎదురుచూడడం అనుకోవాలి. చేతి రేడియోలు షిఫ్టు ముగిశాక ఇంకో 4 గంటలు పనిచేయాలి. మీ చట్టం ఇంతకంటే తక్కువ అడిగినా ఈ కొలతనే పట్టుకోండి.

ఒక ఉదాహరణ. మీ నోడ్ ఎదురుచూసేటప్పుడు 0.3 ఆంపియర్లు, వినేటప్పుడు 0.5, పంపేటప్పుడు 2 ఆంపియర్లు లాగుతుందనుకోండి.

- ఎదురుచూపు: 0.9 × 0.3 = 0.27
- వినడం: 0.05 × 0.5 = 0.025
- పంపడం: 0.05 × 2 = 0.1
- సగటు: 0.395 ఆంపియర్లు
- 24 గంటలకు: సుమారు 9.5 ఆంపియర్ అవర్లు

బ్యాటరీ పాతబడితే 80 శాతమే మిగులుతుందనుకుంటే 9.5ను 0.8తో భాగించాలి, దాదాపు 12 వస్తుంది. దానికి పైన ఉన్న సైజు తీసుకోండి. ప్రమాదంలో జనం మామూలు కంటే ఎక్కువ మాట్లాడతారు కాబట్టి మెష్‌లో బయటికి దగ్గరగా ఉన్న నోడ్లకు ఇంకా పెద్దది పెట్టండి. లోపలివాళ్ల సందేశాలన్నీ వాటి మీదుగానే పోతాయి.

## 6. ఎవరు ఎక్కడున్నారో తెలిసేలా చేయండి

క్యాప్ ల్యాంప్‌లో గానీ బెల్టుకు గానీ ట్యాగ్, గ్యాలరీల్లో దాన్ని గుర్తించే రీడర్లు. పని సులువుగానే కనిపిస్తుంది, రీడర్ల స్థానం దగ్గర పొరపాట్లు జరుగుతాయి. రీడర్లు ఈ చోట్ల తప్పనిసరి:

- ప్రతి డిస్ట్రిక్ట్‌లోకి వెళ్లే దారిలో
- ఫేస్‌కు దగ్గర్లో
- బయటపడే రెండు దారుల్లోనూ, ప్రతి పెద్ద జంక్షన్ దగ్గరా
- ఆశ్రయ గది లోపల, ద్వారం దగ్గరా

స్క్రీన్ మీద మనిషి పేరుతో పాటు చివరిసారి ఎప్పుడు కనిపించాడో సమయం ఉండాలి. వ్యవస్థ ఆగిపోయినా ఆ చివరి స్థానం చెరిగిపోకూడదు. రెస్క్యూ బృందానికి మొదట కావాల్సింది అదే.

ల్యాంప్ రూమ్‌లో ఒకరి ల్యాంప్ ఇంకొకరు తీసుకుంటే స్క్రీన్ మీద తప్పు మనిషి కనిపిస్తాడు. ల్యాంప్ ఇచ్చేటప్పుడే పేరు, నంబరు సరిపోల్చాలి. కాంట్రాక్టు కార్మికులకు, సందర్శకులకు కూడా ట్యాగ్ ఇవ్వాల్సిందే. లోపలికి వెళ్లినవాళ్ల లెక్క చూపే లోహపు బిళ్లల బోర్డు పాతదైనా ఉంచండి. షిఫ్టు గనిలోకి దిగగానే దాని లెక్కతో స్క్రీన్ లెక్క సరిపోల్చి, ఆ జాబితా కాగితం మీద ప్రింటు తీసి పెట్టండి.

## 7. నోట్లో గొట్టం ఉన్నప్పుడు ఎలా మాట్లాడాలో నేర్పండి

సెల్ఫ్ రెస్క్యూయర్ పెట్టుకున్నవాడి నోట్లో రబ్బరు గొట్టం, ముక్కుకు క్లిప్పు ఉంటాయి. మాట్లాడాలంటే గొట్టం తీయాలి. కార్బన్ మోనాక్సైడ్ నిండిన గాలిలో ఆ ఒక్క వాక్యం ప్రాణాల మీదికి తెస్తుంది. భయంలో ఉన్నవాడు పక్కవాడితో మాట్లాడకుండా ఉండలేడు, అది సహజం. కాబట్టి "తీయకండి" అని చెప్పి ఊరుకుంటే చాలదు. మాట లేకుండా చెప్పే దారి చేతికి ఇవ్వాలి.

- ముందే రాసిపెట్టిన టెక్స్ట్ సందేశాలు, గ్లవ్స్ వేసుకున్న చేతితో నొక్కగలిగే పెద్ద బటన్లు.
- రేడియో మాట్లాడే బటన్‌ను నొక్కి వదిలే క్లిక్కుల కోడ్.
- నడిచే గుంపును కలిపే తాడు మీద లాగే సంకేతాలు: ఆగు, నడువు, ఒకరు పడిపోయారు.
- సర్దార్ జేబులో చిన్న పలక, సుద్ద.

కోడ్‌లు ఐదుకు మించనివ్వకండి. వించ్, హాలేజ్ (బరువులు, బండ్లు లాగే యంత్రాల) గంటల సంకేతాలతో కలిసిపోకుండా చూడండి. గంట మూడుసార్లు కొడితే ఒక అర్థం, రేడియో మూడు క్లిక్కులకు ఇంకో అర్థం ఉంటే టెన్షన్‌లో రెండూ కలగలిసిపోతాయి.

లోపలికి వచ్చే హెచ్చరిక కూడా అంతే. యంత్రాల మోతలో స్పీకరు వినపడదు, పొగలో స్క్రీన్ కనపడదు. క్యాప్ ల్యాంప్ మిణుకుమిణుకుమనేలా, బెల్టు పరికరం వణికేలా ఉన్న వ్యవస్థకే మొగ్గు చూపండి.

శిక్షణలో సెల్ఫ్ రెస్క్యూయర్ నిజంగా పెట్టించి, లైట్లు ఆర్పి, సందేశం పంపించండి. గదిలో కూర్చోబెట్టి చార్టు చూపిస్తే ఎవరికీ గుర్తుండదు.

## 8. పైన జవాబిచ్చే మనిషిని సిద్ధం చేయండి

కంట్రోల్ రూమ్‌లో ఏ గంటలోనైనా శిక్షణ ఉన్న మనిషి ఉండాలి. అతనికి ఒక అధికారం లిఖితపూర్వకంగా ఇవ్వండి: మేనేజర్‌కు ఫోన్ చేయకుండానే అందరినీ బయటికి రమ్మని ఆదేశించే అధికారం. అది లేనిచోట విలువైన నిమిషాలు అనుమతి కోసమే పోతాయి.

మొదటి సందేశంలో నాలుగే విషయాలు: ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఎటు వెళ్తున్నారు. విన్నవాడు అదే తిరిగి చెప్పాలి.

"కంట్రోల్, మూడో డిస్ట్రిక్ట్ నుంచి. బెల్ట్ డ్రైవ్ దగ్గర పొగ. ఎనిమిది మందిమి ఉన్నాం. రెండో దారిలో వస్తున్నాం."

"మూడో డిస్ట్రిక్ట్, బెల్ట్ డ్రైవ్ దగ్గర పొగ, ఎనిమిది మంది, రెండో దారి. అంతేనా సర్దార్ గారూ?"

"అంతే."

ఇలా తిరిగి చెప్పడం ఎందుకో తెలియాలంటే సేగో గని సంగతి తెలియాలి. 2006 జనవరి 2న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఆ బొగ్గు గనిలో పేలుడు జరిగి 13 మంది చిక్కుకున్నారు. రెస్క్యూ బృందం వాళ్లను చేరాక పంపిన కబురు, మాస్కులు పెట్టుకున్నవాళ్ల నోళ్ల మీదుగా ఒకరి నుంచి ఒకరికి చేరేసరికి తారుమారైంది. 12 మంది బతికే ఉన్నారన్న మాట కుటుంబాల చెవిన పడింది. ప్రాణాలతో దక్కింది ఒక్కరే. ఆ నిజం కుటుంబాలకు తెలియడానికి దాదాపు మూడు గంటలు పట్టింది.

అందుకే ఈ నాలుగు నియమాలు:

- మధ్యలో కబురు అందించేవాళ్లను వీలైనంత తగ్గించండి.
- ప్రాణాల లెక్కను అంకెతో చెప్పి, తిరిగి చెప్పించుకుని, సమయంతో సహా రాయండి.
- కంట్రోల్ రూమ్ మాటలు బయట వరండాలోకి వినపడకూడదు.
- కుటుంబాలతో మాట్లాడే మనిషి వేరే ఉండాలి, నిర్ధారించిన మాటే చెప్పాలి, అది కూడా ఆలస్యం లేకుండా.

## 9. దారులన్నీ మూసుకుపోతే ఏం చేయాలో ముందే నేర్పండి

ఆశ్రయ గదికి వెళ్లే ఫోన్ లైను గ్యాలరీ గుండా కాకుండా, పై నుంచి బోరు వేసి నేరుగా దించితే మేలు. గ్యాలరీ మొత్తం కూలినా ఆ లైను మిగులుతుంది.

ఏ పరికరమూ లేకపోతే తట్టడమే. అమెరికా బొగ్గు గనుల్లో భూకంప తరంగాలను పసిగట్టే సాధనాలతో వెతకడానికి నేర్పిన పద్ధతి ఇది: పై నుంచి 3 పేలుళ్లు వినపడితే, రూఫ్ బోల్టు మీదో గట్టి రాయి మీదో 10 సార్లు బలంగా కొట్టాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ కొట్టాలి. 5 పేలుళ్లు వినపడితే మీ చోటు తెలిసింది, సాయం వస్తోందని అర్థం. మీ గనిలో ఏ సంకేతం ఖరారు చేసినా దాన్ని స్టిక్కరుగా టోపీ లోపల అంటించండి. ఆ 15 నిమిషాల విరామం తప్పనిసరి. మనిషి ఊపిరి, శక్తి ఆదా అవుతాయి.

రెస్క్యూ స్టేషన్‌లో బోరు కిట్ ఒకటి సిద్ధంగా ఉండాలి. 2010లో చిలీలోని శాన్ హోసే గనిలో 33 మంది చిక్కుకున్నారు. 17వ రోజున బోరు లోపలికి దిగింది, డ్రిల్లు రాడ్డుకు కట్టిన చీటీతోనే వాళ్లు బతికున్న సంగతి పైవాళ్లకు తెలిసింది. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మందితో మొదట ఒక 4 అంగుళాల పైపు ద్వారానే సంబంధం నిలిచింది. తర్వాత 6 అంగుళాల పైపు పెట్టి కెమెరా పంపారు. రెండు చోట్లా అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు.

కిట్‌లో ఉండాల్సినవి:

- సన్నటి బోరులో పట్టే సౌండ్ పవర్డ్ ఫోను, గని లోతు కంటే పొడవైన వైరు
- చిన్న దీపం, కెమెరా
- తడవని కాగితం, పెన్సిళ్లు
- సన్నటి గొట్టాల్లో పట్టేలా పొట్లాలు కట్టిన మందులు, ఆహారం

లోపలివాళ్లకు నేర్పాల్సింది: డ్రిల్లు రాడ్డు కనిపిస్తే దాని మీద కొట్టండి, రంగు పూయండి, ఏదైనా కట్టి పంపండి.

## 10. డ్రిల్‌లో మొదటి దారిని ఆపేయండి

మూడు నెలలకొకసారైనా బయటికి తరలించే డ్రిల్ చేయండి. మొదటి సమాచార వ్యవస్థను కంట్రోల్ రూమ్ నుంచే ఆపేసి, రెండో దారితోనే నడిపించండి. దీనికి చాలామంది ఒప్పుకోరు, ఉత్పత్తి ఆగుతుందంటారు. కానీ రెండో దారి పనిచేస్తుందని రుజువయ్యేది ఇలాగే.

కొలవాల్సినవి రెండు: ఆదేశం ఇచ్చిన క్షణం నుంచి చివరి మనిషి "అందింది" అనేదాకా ఎంతసేపు, ఎవరి నుంచి జవాబు రాలేదు. జవాబు రాని ప్రతి పేరుకూ కారణం రాయండి. మాట అందని చోటా, బ్యాటరీ అయిపోయిందా, సంకేతం గుర్తులేదా? మూడింటికీ మందులు వేరు.

## 11. తరచూ వచ్చే లోపాలు, సరిదిద్దే దారి

ఒక చోటి నుంచి లోపలంతా మాట లేదు. చివరిసారి మాట వచ్చిన ఆంప్లిఫయర్‌కు, మొదట రాని ఆంప్లిఫయర్‌కు మధ్య కేబుల్ చూడండి. ముందు జాయింట్లు, తర్వాత వాహనం తగిలిన గుర్తులు.

మాట వస్తుంది గానీ గరగర. కొత్తగా వేసిన కరెంటు కేబుల్ దగ్గరగా ఉందేమో, ఆంప్లిఫయర్ దూరం సాగిందేమో చూడండి.

పై నుంచి వినపడుతుంది, లోపలి నుంచి పోదు. చేతి రేడియో బ్యాటరీ తగ్గినప్పుడు వినడానికి సరిపోయే శక్తి పంపడానికి చాలదు. బ్యాటరీ మార్చి చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఆంప్లిఫయర్‌లో పైకి పంపే భాగాన్ని పరీక్షించండి.

స్క్రీన్ మీద మనిషి ఒకే చోట గంటల తరబడి కదలడు. ట్యాగ్ చచ్చిందా, రీడర్ ఆగిందా, నిజంగానే మనిషికేమైనా అయిందా? మూడోది నిజమనుకునే మొదలుపెట్టండి, ముందు అతనికి కాల్ చేయండి.

బ్యాటరీ బ్యాకప్ కాగితం మీదే 24 గంటలు. ఏడాదికొకసారి కరెంటు తీసేసి నిజంగా ఎంతసేపు నడుస్తుందో చూడండి. బ్యాటరీ మీద తగిలించిన తేదీని నమ్మకండి.

## 12. షిఫ్టు గనిలోకి దిగేముందు చెక్‌లిస్టు

- కంట్రోల్ రూమ్ నుంచి ప్రతి డిస్ట్రిక్ట్‌కు కాల్, తిరిగి జవాబు, రెండూ పుస్తకంలో
- రెండో దారి మీద ఒక టెస్ట్ సందేశం
- ఆశ్రయ గది ఫోను ఎత్తి మాట్లాడి చూడడం
- చేతి రేడియోలు పూర్తి ఛార్జ్, పెట్టె పగుళ్లు లేవు
- ట్యాగ్ నంబరు, ల్యాంప్ నంబరు, మనిషి పేరు సరిపోయాయి
- ఫేస్ కదిలినంత మేర కేబుల్ లేదా నోడ్ కదిలింది
- మాట అందని చోట్ల ప్లాన్ ఈ వారానిదే
- ఎవరు ఆదేశించగలరో ఆ పేరు ఈ షిఫ్టు బోర్డు మీద ఉంది

ఒక డిస్ట్రిక్ట్‌కు రెండు దారుల్లో ఒకటి పోతే, బాగుచేసేదాకా అక్కడ ఓ మనిషిని పని చేసే ఫోను దగ్గర కూర్చోబెట్టి, నిర్ణయించిన వ్యవధిలో కంట్రోల్ రూమ్‌తో మాట్లాడిస్తూ ఉండండి. రెండూ పోతే ఓవర్‌మన్ స్వయంగా వెళ్లి అక్కడివాళ్లను బయటికి తీసుకురావాలి. మాట మళ్లీ కలిసి, రెండు వైపులా టెస్ట్ కాల్ పుస్తకంలో ఎక్కాకే వాళ్లు తిరిగి లోపలికి వెళ్లాలి.